వేళాకోళం చేసే హక్కు

నా ఫైలు మీద మొదటిసారి "హార్ట్ ఫెయిల్యూర్" అని రాసినప్పుడు ఆ మాటను నేను ఒప్పుకోలేదు. డ్రైనేజీ శాఖలో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. షట్టరు పూర్తిగా లేవకపోతే "సగం మాత్రమే లేచినది" అని రాశామే గాని, కాలువ ఫెయిలైందని మేమెన్నడూ రాయలేదు. మచిలీపట్నంలో, అంటే మా బందరులో, నన్ను చూసే గుండె డాక్టరమ్మకు నా అభ్యంతరాన్ని రాతపూర్వకంగానే అందజేశాను. గుడివాడ అమ్మాయి, నా మనవరాలి కంటే నాలుగేళ్ళు పెద్దదై ఉంటుంది. కాగితం సాంతం చదివి, మడిచి, నా ఫైల్లోనే పెట్టింది.

"మీ గుండె ఆగిపోలేదండీ, నీరసపడింది. తోడాల్సినంత తోడలేకపోతోంది. తోడకుండా మిగిలిపోయిన నీరు కాళ్ళలోకీ, పొట్టలోకీ, ఊపిరితిత్తుల్లోకీ చేరుతుంది. అంతేనండి," అంది.

సముద్రం పోటు మీదున్నప్పుడు దివిసీమ మురుగు కాలువలు వెనక్కి తన్నడం ఏళ్ళ తరబడి గట్టు మీద నిలబడి చూసినవాణ్ణి. నాకు అంతకు మించిన వివరణ అక్కరలేకపోయింది. పేరు మీద నా అభ్యంతరం మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది.

ఆ డాక్టరమ్మే ఒక పరిశోధన నడుపుతోంది. ఈ జబ్బువాళ్ళు ఒంట్లో నీరు నిండిపోయి, ఊపిరాడక, ఆఖరి నిమిషంలో ఆసుపత్రికి వస్తున్నారు. అలా కాకుండా రోగి ఇంట్లోనే రోజూ బరువు చూసుకుంటూ, వారం వారం ఫోనులో అడిగే ప్రశ్నలకు జవాబులు చెబుతూ ఉంటే, ఆ నీరు చేరడాన్ని ముందుగానే పట్టుకోవచ్చునా అన్నది ఆమె తేల్చదలచిన విషయం. ఎంతో ఉపయోగకరమైన పని. రోజూ పొద్దున్నే వర్షపాతం, బస్సుల ఆలస్యం రాసుకునే అలవాటు నాకు ఎటూ ఉంది గనుక బరువు రాయడం కొత్త కాలేదు. వెంటనే సంతకం చేశాను. నా వెనుకే మా బావగారూ చేశాడు.

బావగారంటే మా అక్క భర్త. నాగాయలంక అవతల పల్లెలో రొయ్యల చెరువులున్నాయి. ఈ జబ్బు ఆయనకు నాకంటే ఏడాది ముందు వచ్చింది. ఆ సంగతిని ఆయన పెళ్ళిలో పెద్దపీట దక్కినవాడిలా నలుగురికీ చెప్పుకుంటాడు. "దీంట్లో కూడా నేనే సీనియర్ని" అంటాడు. ఆయన నన్ను మాటల్తో పొడవడం, నేను ఆయన్ను మర్యాదగా తిరిగి పొడవడం, మా అక్క పెళ్ళి పీటల మీద మొదలై ఇంతవరకు ఆగలేదు. మా వైపు బావా బావమరుదుల మధ్య అది తప్పు కాదు సరికదా, లేకపోతేనే ఇంట్లో ఏదో గొడవైందని జనం అనుకుంటారు.

పరిశోధనకు నియమాలున్నాయి. రోగే జవాబు చెప్పాలి. పక్కవాళ్ళు అందించకూడదు. భర్త బదులు భార్యా, భార్య బదులు భర్తా మాట్లాడే మన దేశంలో ఇంతకన్నా అవసరమైన నియమం మరొకటి ఉండదని భావించి, దాన్ని ప్రశంసిస్తూ నేను ఒక పేజీ రాసి ఇచ్చాను. ప్రశ్నల మీద మాత్రం రెండు పేజీల విమర్శ ఇవ్వవలసి వచ్చింది. "కొండ ఎక్కేటప్పుడు మీకు ఆయాసం వస్తుందా?" అని ఒక ప్రశ్న. కృష్ణా డెల్టాలో కొండ ఎక్కడున్నది? నాగాయలంక మనిషికి తెలిసిన పర్వతం కరకట్ట ఒక్కటే. "పచ్చికను కత్తిరించేటప్పుడు" అని ఇంకొకటి. మా పచ్చికను గేదెలు కత్తిరిస్తాయి. ఆ ప్రశ్నకు మా బావగారు "అస్సలు ఆయాసం రాదమ్మా" అని నిజాయితీగా జవాబు చెప్పి, పూర్తి మార్కులు తెచ్చుకున్నాడు.

డాక్టరమ్మ నా రెండు పేజీలూ చదివి, "మీరన్నది నిజమేనండి. కానీ పరిశోధన మొదలైపోయింది. ఇప్పుడు ప్రశ్నలో ఒక్క అక్షరం మార్చినా మొదట చెప్పిన జవాబులకీ తర్వాత చెప్పిన జవాబులకీ పోలిక కుదరదు," అంది.

కొలబద్దను మధ్యలో మార్చకూడదు. అది నాకు తెలుసు. మా శాఖలో ఎందరితోనో ఆ మాట మీదే తగాదా పడ్డాను. కాబట్టి ఆమెతో ఏకీభవించాను. ఏకీభవిస్తూనే కోపంగా ఇంటికి వెళ్ళాను.

ఆ రెండు పేజీల్లో నేను అసలు ప్రమాదాన్ని పట్టుకోలేదు. అది కొండల్లోనూ లేదు, పచ్చికలోనూ లేదు. ఫోను చేసే అమ్మాయి మొట్టమొదట అడిగే మాటలో ఉంది. "ఎలా ఉన్నారండీ?" మా వైపు ఆ ప్రశ్నకు జవాబు ఒక్కటే. కాలు విరిగి మంచాన పడ్డవాడు కూడా "బాగున్నానండీ, మీరెలా ఉన్నారు?" అంటాడు. అడిగినవారు మనకు ఏమీ కాని చదువుకున్న ఆడపిల్లైతే, మన బాధ చెప్పి ఆమెను నొప్పించడం మరీ అమర్యాద.

కార్తీక మాసం మొదట్లో మా అక్క ఫోను చేసింది. "ఒరేయ్ తమ్ముడూ, ఒకసారి వచ్చి మీ బావని చూడరా. ఎంత ఒళ్ళు చేశారో!" అంటూ ఆమె గొంతులో పట్టలేని సంతోషం. చల్లపల్లి మీదుగా వెళ్ళే బస్సు ఎక్కాను. అది ఎంత ఆలస్యమైందో, కండక్టరు ఆ విషయమై ఏమన్నాడో వేరేచోట వివరంగా రాసుకున్నాను గనుక ఇక్కడ విడిచిపెడుతున్నాను.

బావగారు అరుగు మీద పడక కుర్చీలో ఉన్నాడు. ముఖం నిండుగా, పొట్ట బానలా ఉన్నాయి.

"రా బావమరిదీ! బందరు నీళ్ళకి ఇంకా ఎండిపోయావే! మీ అక్క చేతి కూడు ఓ నెల తిను..." అని ఆగాడు. మీసం సవరించుకుంటున్నట్టు చెయ్యి పైకెత్తి, ఊపిరి తీసుకుని, "...నాలా అవుతావు," అని ముగించాడు.

"చూశావురా?" అంది అక్క, మంచినీళ్ళు ఇస్తూ. "మొలతాడు పట్టక కోసేసి, అవనిగడ్డ నుంచి కొత్తది తెప్పించా. ఇప్పుడు అదీ బిగుసుకుంది. మా పెళ్ళయ్యాక ఈయనకి ఇంత ఒళ్ళు ఎప్పుడైనా వచ్చిందా? ఊళ్ళో ఆడాళ్ళందరూ ఏం పెడుతున్నావని నన్నడుగుతున్నారు."

నేను ఆయన పాదాలకేసి చూశాను. చెప్పుల్లో సగం పాదమే దూరింది. మడమలు నేల మీదున్నాయి.

"చెప్పులకేమైంది బావగారూ?"

"ఉప్పునీళ్ళలో తడిసి ముడుచుకుపోయాయి. ఈ రోజుల్లో సరుకు... నాణ్యం లేదు."

"మంచం ఉండగా ఈ కుర్చీలో దిండేమిటి?"

"ఇక్కడే పడుకుంటున్నారు, గాలి బాగుంటుందని," అంది అక్క.

నాకు గుండె జబ్బు గురించి తెలిసినదంతా నా జబ్బు వల్ల తెలిసిందే. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడని రోజులు నాకూ వచ్చాయి. ఆ ముఖం నిండుదనం అన్నం వల్ల వచ్చింది కాదని, ఆ నీరు ఇంకొంచెం పైకెక్కితే మా అక్కకు భర్త దక్కడని అప్పుడు అర్థమైంది. ఏమని మొదలుపెట్టాలా అని ఆలోచిస్తుండగానే ఆయన ఫోను మోగింది. పరిశోధన అమ్మాయి. వినికిడి కాస్త మందం గనుక ఆయన ఎప్పుడూ స్పీకరు పెట్టే మాట్లాడతాడు.

"నమస్తే అండి. ఈ వారం ఎలా ఉన్నారండీ?"

"బ్రహ్మాండంగా ఉన్నాను తల్లీ. నువ్వు అన్నం తిన్నావా?"

"తిన్నానండి. బరువెంతుందండీ?"

"పోయినవారం ఎంతో అంతే."

"నిద్రపోయేటప్పుడు తల కింద దిళ్ళు ఎన్ని పెట్టుకుంటున్నారండీ?"

"ఒక్కటే అమ్మా."

అబద్ధం కాదు. పడక కుర్చీకి ఒక దిండు చాలు. నా ఒళ్ళు మండిపోయింది. "అమ్మాయ్, అది రాసుకోకు!" అని అరిచాను.

"మీరు బందరు సార్ కదండీ? పేషెంటు చెప్పిందే రాయాలండి. పక్కవాళ్ళు చెప్పింది రాయకూడదు. ఆ రూల్ చాలా బాగుందని మీరే పేపరు ఇచ్చారు కదా సార్."

"అదీ మాట!" అన్నాడు బావగారు, తొడ చరిచి. "ఆయన మాట రాయకు తల్లీ. కావాలంటే ఆయన సంగతి నన్నడుగు, చెప్తాను. పోయిన ఎండాకాలం మా ఊరొచ్చి కరకట్ట ఎక్కడానికి మూడుసార్లు నిలబడ్డాడు. ఏమయ్యా అంటే, కాలువలో నీటిమట్టం చూస్తున్నానన్నాడు. కాలువలో... చుక్క నీళ్ళు లేవు!"

ఇది నిజమే. కానీ ఒక ఆడపిల్ల వింటుండగా చెప్పవలసిన మాట కాదు.

"బావగారూ, నేను మూడుసార్లు నిలబడి అయినా గట్టెక్కాను. తమరు మంచమే ఎక్కలేక కుర్చీలో కూర్చుని నిద్రపోతున్నారు. చెప్పులు ముడుచుకున్నాయట! ఆ పాదాలు చూస్తే చెప్పులకే భయమేసి ముడుచుకుని ఉంటాయి. ఒక వాక్యం పూర్తిచెయ్యడానికి రెండుసార్లు మీసం దువ్వాల్సి వస్తోంది తమరికి!"

"పోనీ నాకు మీసమన్నా ఉంది."

"మొలతాడే చాలని మనిషికి మీసమెందుకండీ?"

"అయ్యో, ఆ మొలతాడు గొడవ నీకెందుకురా," అని అక్క మధ్యలోకి వచ్చింది. "దసరాకి కొన్నది దీపావళికి చాలలేదు. అంతే కదా! ఒళ్ళు చేసిన మనిషిని పట్టుకుని దెప్పుతావేంట్రా?"

అప్పుడు గుర్తొచ్చింది, ఫోను ఇంకా తెరిచే ఉందని. అవతల ఆ అమ్మాయి ఫోను పక్కవారికి అందించినట్టుంది. తర్వాత వేరే గొంతు వినబడింది. డాక్టరమ్మది.

"అమ్మా, మొలతాడు ఎన్నిసార్లు మార్చారండీ?"

అక్క సిగ్గుపడుతూ చెప్పింది. రోజూ కాటా ఎక్కుతున్నారా అంటే ఎక్కుతున్నారంది. మరి ఫోనులో ప్రతి వారమూ ఒకే బరువు ఎందుకు చెబుతున్నారని డాక్టరమ్మ బావగారిని అడిగింది. ఆయన కాసేపు నసిగాడు.

"మొదటిసారి చెప్పినప్పుడు ఆ అమ్మాయి 'చాలా బాగుందండీ' అంది. సంతోషపడిందమ్మా. చిన్నపిల్ల, వారం వారం ఓపిగ్గా ఫోన్ చేస్తుంది. ఎక్కువ చెప్పి... ఎందుకు బాధపెట్టాలి?"

ఇంత పెద్ద పరిశోధనకు ఈ మర్యాద ఎంత అపకారం చేస్తున్నదో ఒక పేజీ రాసి ఇవ్వాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

"రేపే బందరు రండి," అంది డాక్టరమ్మ.

"వచ్చేవారం చెరువు పట్టుబడి ఉందమ్మా. రొయ్యలు పట్టి, లారీ ఎక్కించి, వచ్చేస్తాను."

"వారం ఆగేది కాదండీ. ఆ నీరు ఊపిరితిత్తుల్లో నిండితే మిమ్మల్ని ఇక్కడిదాకా తీసుకురావడానికి కూడా టైముండదు."

అక్క చేతిలోని గ్లాసు అరుగు మీద పెట్టేసింది. బావగారు మాత్రం చలించలేదు. "నాకేం లేదమ్మా. ఆ మాటకొస్తే మా బావమరిదికే నాకన్నా ముదిరింది. ముందు ఆయన్ని చూడండి."

"అలాగా? అయితే ఇద్దరూ రండి. ఇద్దర్నీ నడిపించి చూస్తాను. ఎవరిది ముదిరిందో తేలిపోతుంది."

బావగారి కళ్ళు మెరిశాయి. "ఓడినవాడు?"

"ఓడినవారు నేను చెప్పిన చోట, నేను చెప్పినన్నాళ్ళు ఉండాలి."

"సరే!" అన్నాడు. ఇరవై మంది పెద్దమనుషులు బతిమాలినా చెరువు వదలని మనిషి, నన్ను ఓడించడానికి బయల్దేరాడు. చెరువు సంగతేమిటని గొణుగుతుంటే అక్క, "రొయ్యలకి మేత చూసేది నేనా మీరా? వెళ్ళండి ముందు," అని సంచి సర్దేసింది.

మర్నాడు బస్సును నమ్మక కారు మాట్లాడాను. దారి పొడుగునా ఆయన నా నడకను అనుకరించి చూపిస్తూనే ఉన్నాడు. పులిగడ్డ దాటాక మాటలు తగ్గాయి. ఆసుపత్రి ముందు దిగి, వరండాలో డాక్టరమ్మ గదివైపు నడిచాం. నేను ఒక అడుగు ముందున్నాను. ఆయన్ను చెరిగెయ్యడానికి కొత్త మాటలు కొన్ని సిద్ధం చేసుకున్నాను. వెనక్కి తిరిగి చూసేసరికి ఆయన సగం దారిలో గోడకు చెయ్యి ఆనించి, పసిపిల్లల టీకాల పోస్టరు చూస్తున్నాడు.

"బొమ్మ... బాగుందే," అన్నాడు.

ఆయన పెదాలు నల్లబడి ఉన్నాయి. సిద్ధం చేసుకున్న మాటలు వదిలేసి, వెనక్కి వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నాను. "కూర్చో బావా," అన్నాను. "గారు" లేకుండా ఆయన్ను పిలవడం అదే మొదలనుకుంటాను.

డాక్టరమ్మ గది గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఇంక వేరే పరీక్షేం అక్కర్లేదండీ. నడక అయిపోయింది," అంది. ఆయన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, పాదం మీద బొటనవేలితో నొక్కి తీసింది. తడి మట్టిలో పడినట్టు గుంట అలాగే నిలిచిపోయింది.

"ఓడిపోయానా?" అన్నాడు నాకేసి చూసి.

"ఓడిపోయారు."

"సరేలే. సీనియర్ని కదా," అని చక్రాల కుర్చీ ఎక్కాడు.

నీరు తీసే ఇంజెక్షన్లు ఇచ్చారు. మంచం పక్కన మూత్రం సీసాలు నిండుతుంటే నర్సు కొలిచి రాసేది. మొదట్లో ఆయన సిగ్గుతో ముఖం గోడవైపు తిప్పుకున్నాడు గాని, ఒకటి రెండు రోజులకు నేను వెళ్ళగానే "ఇవాళ నీ కాలువ కన్నా నాదే ఎక్కువ పారింది" అని చెప్పేవాడు. వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నాడు. పట్టుబడి ముగించుకుని అక్క వచ్చేసరికి మనిషి సగమయ్యాడు. మొలతాడు నడుము నుంచి జారి తుంటి మీద వేలాడుతోంది.

అక్క ఘొల్లుమంది. "ఇదేంటమ్మా డాక్టరమ్మా, నిండుగా ఉన్న మనిషిని ఇలా చిక్కిపోయేలా చేశారు?"

"అది ఒళ్ళు కాదండీ, నీరు."

"అంటే నా చేతి వంట...?"

"మీ వంటలో రొయ్యల పచ్చడి ఉందా అండీ? ఎండుచేపలు?"

"అవి లేకుండా అన్నమెలా తింటారు?"

"ఆ ఉప్పే నీటిని పట్టి ఉంచింది."

అక్క కళ్ళు తుడుచుకుని, ఊళ్ళో ఆడవాళ్ళకు ఇప్పుడేం చెప్పాలని కాసేపు బాధపడింది. ఆ తర్వాత ఎంత ఉప్పు వెయ్యవచ్చో చెంచాతో సహా అడిగి తెలుసుకుంది.

బావగారు కోలుకున్నాక నేను డాక్టరమ్మ గదికి వెళ్ళి, నా ప్రతిపాదనను ఆమె బల్ల మీద ఉంచాను. "ప్రశ్నలడుగు సమయమున, రోగిని వేళాకోళము చేయు హక్కు గల బంధువొకరు గదిలో ఉండవలెను." ఆమె చదివి, చాలాసేపు నవ్వింది. నేను నవ్వలేదు.

"ఏ బంధువుకి ఆ హక్కు ఉందో ముందు నిర్వచించాలి కదండీ."

"బావమరిది. మరదలు. వియ్యపురాలు. మనవలు," అన్నాను. దీనికి నిర్వచనమెందుకో నాకు అర్థం కాలేదు.

"మీరు ఆ రోజు ఆయన మంచమే ఎక్కలేరన్నారు. నిజంగా ఎక్కలేరా?"

"ఎక్కగలడు. పడుకోలేడు."

"చూశారా! వేళాకోళంలో ఒకటికి రెండు కలుస్తాయి. దాన్ని కొలతగా రాసుకోలేనండీ. కాకపోతే ఎక్కడికెళ్ళి కొలవాలో అది చెప్పింది. ఈ పరిశోధనలో ప్రశ్నలు ఇలాగే ఉంటాయి. మీ బావగారి అడ్మిషను కూడా జరిగింది జరిగినట్టు రిపోర్టులోకి వెళ్తుంది. ఫోను మొదట్లో దాన్ని పట్టుకోలేకపోయిందని కూడా రాస్తాను. తర్వాతి పరిశోధనకి మాత్రం మొలతాడు గురించి అడగాలని ఇప్పుడే రాసుకున్నాను."

తన పద్ధతి విఫలమైన చోటును తనే రాసిపెట్టే మనిషిని నేను మా శాఖలో చూడలేదు. ఆ మాట ఆమెతో అన్నాను. ఆపైన, నా కాగితాన్ని కూడా ఫైల్లో ఉంచమని పట్టుబట్టాను. ఉంచింది.

డిశ్చార్జి అయిన వారానికి ఇద్దరినీ గుండె స్కానుకు గుడివాడ పంపింది. ఆ స్కాను చేసే చోటు మేడ మీద ఉంది. గుండె జబ్బువాళ్ళ స్కాను మిషను మేడ మీద పెట్టినవారి తెలివిని ఏమనాలో నాకు తెలియదు. లిఫ్టు ఉంది గాని దానికి తాళ్ళు కట్టి, రిపేరని అట్టముక్క తగిలించారు. ఎవరికి ఫిర్యాదు రాయాలో కింద కూర్చున్న మనిషిని అడిగితే, "మెల్లగా ఎక్కేయండి తాతగారూ, అందరూ ఎక్కేస్తున్నారు," అన్నాడు. అతనికి చెప్పవలసింది చెప్పి, మెట్ల దగ్గరికి వచ్చాను.

సగం ఎక్కాం. మెట్లు మలుపు తిరిగే చోట బావగారు ఆగాడు. గోడ మీద ఏదో దేవుడి క్యాలెండరు ఉంది. ఆయన దానికేసి చూడలేదు. చెయ్యి మీసం దాకా వెళ్ళి, మళ్ళీ కిందికి దిగింది.

"బావమరిదీ, ఆగు. నాకు ఆయాసంగా ఉంది," అన్నాడు.

అంత సంతోషకరమైన మాట నేను ఇటీవల విన్న గుర్తు లేదు. ఆయన పక్కనే మెట్టు మీద రుమాలు పరిచి కూర్చున్నాను. "నాకూ ఉంది బావగారూ," అన్నాను. పైనుంచి దిగుతున్న నర్సమ్మ మమ్మల్ని చూసి, "ఏంటండీ ఇక్కడ కూర్చున్నారు? బాగానే ఉన్నారా?" అని అడిగింది.

"లేదమ్మా," అన్నాడు ఆయన. "ఆయాసం తగ్గాక వస్తాం. లోపల చెప్పు, మా నంబరు పోనివ్వద్దని."

ఆమె తిరిగి పైకి వెళ్ళి, రెండు కుర్చీలు తెప్పించి ఆ మలుపులోనే వేయించింది. ఊపిరి కుదుటపడేదాకా ఇద్దరం వాటిలో కూర్చున్నాం. తర్వాత బావగారు లేచి, రెయిలింగు పట్టుకుని, నాకు దారిచ్చాడు.

"ముందు నువ్వెక్కు. పడితే వెనక నేనున్నాను."

"తమరు పట్టుకుంటారనా?"

"పట్టుకోను. పక్కకి తప్పుకుంటాను," అన్నాడు.